పాత ఇటాలియన్ స్పోర్ట్ బైక్: కొనడం, నడపడం, విలువ కట్టడం

మా తాతయ్య ఎద్దుల్ని కొనడానికి సంతకి చీకటితోనే బయల్దేరేవాడు. మేత పెట్టకముందే పశువును చూడాలనేవాడు. కడుపు నింపి, కొమ్ములకు నూనె రాసి నిలబెట్టిన ఎద్దు ఎవరికైనా బాగానే కనపడుతుంది. నోరు తెరిపించి పళ్లు చూసేవాడు, కాస్త దూరం నడిపించేవాడు, చివర్లో అమ్మేవాడి ఇంటి సంగతులు అడిగేవాడు.

ఇంగ్లండ్‌లో నేను మొదటి డుకాటీ కొన్నప్పుడు ఇవేవీ గుర్తు రాలేదు. 1992 నాటి 900 ఎస్ఎస్. కొత్త ఎర్ర రంగు అద్దంలా మెరుస్తోంది. నేను వెళ్లేసరికే ఇంజిన్ వెచ్చగా ఉంది, సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది. కాగితాలు అడిగితే "ఇల్లు మారినప్పుడు పోయాయండీ" అన్నాడు వ్యాపారి. రెండు వారాల తర్వాత వెనక సిలిండర్ పట్టుకుని ఉండే స్టడ్ ఒకటి తుప్పుతో తెగిపోయింది. ఆ కాలపు 900 ఎస్ఎస్‌లకి ఇది అందరికీ తెలిసిన జబ్బే, నాకు తప్ప. ఇంజిన్ విప్పించి బాగు చేయించేసరికి బండి ధరలో సగం మళ్లీ పెట్టాను.

ఆ దెబ్బ నేర్పిన పాఠం మీద నడుస్తుంది ఈ గైడు. బ్రిటన్‌లో ఉండేవాళ్లకి నేరుగా పనికొస్తుంది. మిగతా దేశాల్లో ఉన్నవాళ్లు కాగితాల భాగాన్ని తమ చట్టాలకు తగ్గట్టు మార్చుకుంటే చాలు. ముందు లైసెన్సు మాట: ఇండియా లైసెన్సును ఇక్కడ మార్చి ఇవ్వరు. సీబీటీ (తప్పనిసరి ప్రాథమిక శిక్షణ), థియరీ, తర్వాత రెండు మాడ్యూళ్ల పరీక్ష తప్పవు. 24 ఏళ్లు నిండితే నేరుగా పెద్ద బైకుల 'ఎ' కేటగిరీకి వెళ్లొచ్చు. బండి చూడ్డానికి వెళ్లేముందే ఇది పూర్తి చేసుకోండి. లైసెన్సు లేకుండా టెస్ట్ రైడ్ చేయలేరు, టెస్ట్ రైడ్ లేకుండా కొనకూడదు.

ఏ బండి కావాలో తేల్చుకోండి

"ఇటాలియన్ క్లాసిక్" అన్న మాటలో చాలా రకాలు కలిసిపోయాయి. బ్రెగాన్జెలో వ్యవసాయ యంత్రాలు చేసే కుటుంబం నుంచి వచ్చిన లవెర్దా ఉంది. రేసర్ అగొస్తినీ 13 ప్రపంచ టైటిళ్లు గెలిచిన ఎం.వి. అగుస్తా ఉంది. రిమినీలో ఇళ్లకు వేడిగాలి గొట్టాలు అమర్చే వ్యాపారంగా మొదలై రేసు ఫ్రేములు తయారు చేసిన బిమోటా ఉంది. ఇవన్నీ ముచ్చటైనవే. కానీ మొదటిసారి కొనేవాళ్లు రెండు కంపెనీల దగ్గర ఆగితే మంచిదని నా అభిప్రాయం: మోటో గుజ్జి, డుకాటీ. రెండింటికీ విడిభాగాలు దొరుకుతాయి, తెలిసిన మెకానిక్‌లున్నారు, క్లబ్బులున్నాయి.

గుజ్జి కోమో సరస్సు ఒడ్డున ఉన్న మాందెల్లో దెల్ లారియో ఊరిది, 1921లో పెట్టారు. ఇంజనీరు లినో తోంతి 70ల మొదట్లో వి7 స్పోర్ట్ కోసం పొట్టిగా, బిగువుగా ఒక ఫ్రేమ్ గీశాడు. ఆ ఫ్రేమ్‌లోనే 1976లో 844 సీసీ లె మాన్ వచ్చింది. రెండు సిలిండర్లూ మోకాళ్ల ముందు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, గాలితోనే చల్లబడతాయి, వెనక చక్రానికి చెయిన్ బదులు షాఫ్ట్ ఉంటుంది. టాపెట్లు (వాల్వుల దగ్గరి ఖాళీలు) సర్దడానికి స్పానర్లు, ఫీలర్ గేజ్ చాలు, ఆదివారం పొద్దున కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. సొంత చేత్తో పని చేసుకునేవాళ్లకి ఇంతకంటే మర్యాదైన బండి లేదు.

డుకాటీ బొలోన్యా శివారు బోర్గో పనిగాలేది. దాని కథంతా ఫాబియో తాల్యోని పట్టుకొచ్చిన డెస్మో పద్ధతి చుట్టూ తిరుగుతుంది. మామూలు ఇంజిన్‌లో వాల్వును కామ్ తెరుస్తుంది, స్ప్రింగ్ మూస్తుంది. వేగం మరీ పెరిగితే స్ప్రింగ్ అందుకోలేదు. డెస్మోలో మూయడానికి కూడా ఇంకో రాకర్ (చిన్న మీట) ఉంటుంది. 1956లో 125 సీసీ రేసు బండిలో మొదలై, 1968లో మామూలు జనం కొనే బండ్లలోకి వచ్చింది. 1972 ఏప్రిల్ 23న ఇమోలా 200 రేసులో పాల్ స్మార్ట్, బ్రూనో స్పజ్జారి మొదటి రెండు స్థానాలూ పట్టేశాక డుకాటీ పేరు మారుమోగింది. ఆ గెలుపు గుర్తుగా 1974లో చేసిన ఆకుపచ్చ ఫ్రేమ్ 750 సూపర్ స్పోర్ట్ ఇప్పుడు వేలంలో లక్ష డాలర్లు దాటి పలుకుతుంది. దాన్ని ఫొటోల్లో చూసి ఆనందిద్దాం.

మనకు అందేవి 90ల బండ్లు. మస్సిమో తంబురిని గీసిన 916 అమ్మకానికి వచ్చింది 1994లో. ఒంటి చెయ్యి స్వింగ్‌ఆర్మ్, సీటు కింద జంట సైలెన్సర్లు, ముందు సన్నటి రెండు కళ్లు. కార్ల్ ఫోగర్టీ ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ దాని మీదే వరల్డ్ సూపర్‌బైక్ గెలిచాడు. 916 తర్వాత 996, 998 వచ్చాయి. పక్కనే అదే ఒంట్లో చిన్న ఇంజిన్‌తో 748 నడిచింది. అందం అంతా కావాలి, డబ్బు తక్కువ పెట్టాలి అంటే 748 చూడండి. ఎదురుగా నిలబడితే పోల్చుకోలేరు.

డెస్మోకి ఖర్చు ఎంతన్నది ముందే లెక్కేసుకోండి. 916లో ఎనిమిది వాల్వులు, ఒక్కోదానికి తెరిచేవైపు ఒకటి, మూసేవైపు ఒకటి, మొత్తం పదహారు ఖాళీలు కొలిచి, పలుచటి లోహపు బిళ్లలైన షిమ్‌లు మార్చాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలకి ఈ పని తగల్లేదు. 900 ఎస్ఎస్‌లో నాలుగు వాల్వులే, అందులో సగం బాధ. రెండింటిలోనూ కామ్ తిప్పేవి రబ్బరు బెల్టులు. బండి కదలకపోయినా రెండేళ్లకోసారి మార్చాల్సిందే. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్‌కి కొట్టుకుంటాయి, ఇంజిన్ అక్కడికక్కడే పోతుంది.

ఇంట్లో కూర్చుని చేయాల్సిన సోదా

నంబర్ ప్లేటు తెలిస్తే చాలు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎంఓటీ (బండి రోడ్డుకి పనికొస్తుందో లేదో ఏటా చూసే పరీక్ష) చరిత్ర ఉచితంగా చూడొచ్చు. 2005 నుంచి ప్రతి పరీక్షలోనూ మీటరు రీడింగ్ ఎంతో, ఎందుకు ఫెయిలైందో అన్నీ ఉంటాయి. ఒక ఏడాది 18,000, మరుసటి ఏడాది 12,000 ఉంటే కంగారు పడకముందు ఒక విషయం గుర్తుంచుకోండి: ఇటలీ నుంచి తెచ్చిన బండ్లకి మీటరు కిలోమీటర్లలో ఉంటుంది, తర్వాత మైళ్ల మీటరు పెడతారు. మీటరు మార్చిన బిల్లు ఉందా అని అడగండి. ఉంటే సరే. లేకపోతే మైలేజీ తెలియని బండి కిందే ధర కట్టండి.

మైలేజీ మరీ తక్కువున్నా నేను సంబరపడను. పాతికేళ్లలో 2,000 మైళ్లు తిరిగిన బండి అంటే పాతికేళ్లు కదలకుండా ఎండిన రబ్బరు, గట్టిపడిన సీళ్లు, జిగురైన పెట్రోలు. ఏటా రెండు వేలు తిరిగి, ప్రతి సర్వీసుకీ బిల్లు ఉన్న బండి నాకు దానికంటే ముద్దు.

బాకీ ఉందా, దొంగిలించిందా, ఇన్సూరెన్సు వాళ్లు పాడైపోయిందని రాసేసిందా అన్నది డబ్బు కట్టి చెక్ చేయించుకోవచ్చు. ఇరవై పౌండ్ల దగ్గర పిసినారితనం వద్దు.

ఫోన్‌లో మూడు ప్రశ్నలు అడగండి. బెల్టులు ఎప్పుడు మార్చారు, ఎవరు మార్చారు, బిల్లు ఉందా? ఇన్నేళ్లు మీ దగ్గర ఉండి ఇప్పుడు ఎందుకు అమ్ముతున్నారు? నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకుండా ఉంచుతారా? మూడోదానికి నసిగితే నేను వెళ్లను.

బండి దగ్గర

వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే టీ అడిగి తాగుతూ కూర్చోండి, చల్లారనివ్వండి. ఆ కాసేపట్లో ఫైలు తిరగేయండి. నిజానికి సగం బేరం ఆ ఫైలులోనే ఉంటుంది. వరసగా బిల్లులు, పాత ఎంఓటీ కాగితాలు, వీ5సీ (రిజిస్ట్రేషన్ పత్రం), మొదటి ఓనరు బుక్కు, రెండో తాళం ఉంటే ఆ మనిషి బండిని ఎలా చూసుకున్నాడో తెలిసిపోతుంది. గరాజు వైపు కూడా ఒక కన్నేయండి. పనిముట్లు గోడకు వరసగా వేలాడుతున్న ఇంట్లో బోల్టు తలలు అరిగిన బండి నాకు ఇంతవరకు ఎదురుకాలేదు.

తర్వాత నంబర్లు. ఫ్రేమ్ నంబర్ వీ5సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. ఇక్కడ ఒక మోసపు మాట వింటారు: "మ్యాచింగ్ నంబర్స్". డుకాటీ ఫ్యాక్టరీ ఇంజిన్‌కీ ఫ్రేమ్‌కీ ఒకే నంబర్ వేసేది కాదు. కాబట్టి అమ్మేవాడు ఏ అర్థంలో అంటున్నాడో అడగండి. ఇంజిన్, ఫ్రేమ్ రెండూ పుట్టినప్పటి నుంచి కలిసే ఉన్నాయని తేల్చేది పాత కాగితాలు, క్లబ్ రికార్డులే. ఖరీదైన మోడళ్లలో ఈ తేడా ప్రాణం. మామూలు గుజ్జి 850 టి3కి లె మాన్ ట్యాంకు, సీటు తగిలించి లె మాన్ అని అమ్మినవాళ్లున్నారు. 750 జీటీ నుంచి సూపర్ స్పోర్ట్ "తయారు" చేసినవాళ్లూ ఉన్నారు. బండి ధర మీ జీతాన్ని నెలల్లో కాక ఏళ్లలో లెక్కించేటంత ఉంటే క్లబ్‌లో ఆ మోడల్ తెలిసిన మనిషి చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

పడిన గుర్తులు వెతకండి. హ్యాండిల్ చివరలు, ఫుట్‌రెస్ట్ కొనలు, ఇంజిన్ కవర్ల అంచులు గీసుకుని ఉంటే ఆగి ఉన్నప్పుడు పడిందేమో, పెద్ద విషయం కాదు. స్టీరింగ్‌ని అటూ ఇటూ చివరిదాకా తిప్పి, అడ్డుగా తగిలే స్టాపుల్ని చూడండి. అవి నొక్కుకుపోయి ఉంటే ముందు నుంచి గట్టిగా గుద్దుకుందన్నమాట. రంగు కొత్తగా వేసి ఉంటే ఎందుకు వేశారో అడగండి. మేడిపండు సామెత గుర్తు చేసుకోవాల్సింది ఇక్కడే.

డుకాటీ 748, 916 కుటుంబానికి అసలు జబ్బు రాకర్ల మీద ఉండే గట్టి క్రోమ్ పొర రాలిపోవడం. పైకి ఏమీ తెలియదు. ఆ పొడి నూనెలో కలిసి తిరుగుతుంది, కామ్ కూడా పాడవుతుంది. ఎనిమిది వాల్వులకి కలిపి పదహారు రాకర్లు. అన్నీ మార్చాల్సొస్తే బిల్లు చూసి గుండె ఆగుతుంది. పోయిన వాల్వు సర్వీసులో రాకర్లు చూసినట్టు మెకానిక్ బిల్లు మీద రాశాడా, ఫొటో ఉందా అని అడగండి. లేకపోతే కవర్లు విప్పి చూపించడానికి ఒప్పుకుంటారా అనండి. దీనితో పాటు ఛార్జింగ్ చూడండి: ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. రెగ్యులేటర్లు పోవడం ఆ బండ్లలో మామూలే. క్లచ్ లివర్ మెత్తగా దిగిపోతుంటే స్లేవ్ సిలిండర్ సీలు కారుతోంది, అది చిన్న పని. న్యూట్రల్‌లో ఖణఖణ శబ్దం వస్తుంటే భయపడకండి, డ్రై క్లచ్ (నూనెలో మునగని క్లచ్) గొంతే అంత. రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టుంటుంది.

గుజ్జిలో చూడాల్సింది సిలిండర్లు. తొలి లె మాన్‌లలో సిలిండర్ లోపలి గోడకి క్రోమ్ పూత ఉండేది. అది కాలం గడిచి పెచ్చులూడితే నీలి పొగ, నూనె తాగడం, ఇంజిన్ నిండా రేణువులు. చాలామంది ఈపాటికే నికాసిల్ (గట్టి నికెల్ పూత) సిలిండర్లు పెట్టించి ఉంటారు. ఆ బిల్లు ఉంటే బేరంలో వంద రెండొందలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. వెనక చక్రం ఎత్తి చేత్తో తిప్పండి. ఎక్కడైనా పట్టిపట్టి వదులుతుంటే షాఫ్ట్ జాయింటు అరిగింది. ముందు డిస్కులు గోధుమ రంగులో ఉన్నాయని తగ్గించమని అడగకండి, నవ్వుతారు. అవి పోత ఇనుము, రాత్రి వానకే తుప్పు పట్టి ఒక్క బ్రేకుతో తుడిచిపెట్టుకుపోతుంది.

ఇప్పుడు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయమనండి, మీరు సైలెన్సర్ వెనక నిలబడండి. తొలి లె మాన్ కార్బురేటర్లలో చిన్న పంపులుంటాయి, యాక్సిలరేటర్ రెండు మూడుసార్లు తిప్పితే పెట్రోలు చిమ్ముతుంది. తెలిసినవాడు అలాగే చేస్తాడు. మొదటి నిమిషం కాస్త దగ్గినా పర్లేదు. వేడెక్కాక నిలకడగా ఐడ్లింగ్ పట్టాలి, పొగ పోవాలి.

టైర్ల పక్క గోడ మీద చివరి నాలుగంకెలు చదవండి. 2317 అంటే 2017లో 23వ వారం. గాడులు కొత్తగా ఉన్నా ఆ టైర్లతో వాన రోడ్డు ఎక్కొద్దు, ధరలోంచి తీసేయండి.

ధర కట్టడం

ప్రకటనల్లో ఉండేది అడిగే ధర. మీకు కావాల్సింది అమ్ముడుపోయిన ధర. అది వేలం ఫలితాల్లో దొరుకుతుంది. పాత బైకుల ప్రదర్శన అయిన స్టాఫర్డ్ షోలో జరిగిన వేలాల పాత ఫలితాలు నేను గంటలు గంటలు చదివాను. ఒక జాగ్రత్త: ప్రచురించే అంకెలో మామూలుగా కొనేవాడు వేలం సంస్థకి కట్టే ప్రీమియం కలిసే ఉంటుంది. అమ్మినవాడి చేతికి వచ్చింది దానికంటే చాలా తక్కువ.

నా పద్ధతి ఇది. ముందు అదే మోడల్‌లో నిజంగా మంచి బండి ఎంతకు అమ్ముడుపోయిందో మూడు నాలుగు ఉదాహరణలు పట్టుకుంటాను. అందులోంచి ఎదురుగా ఉన్న బండికి కావాల్సిన పనులన్నీ తీసేస్తాను: బెల్టులు, వాల్వులు, టైర్లు, బ్యాటరీ, ఫోర్కు సీళ్లు, చెయిన్ సెట్టు. దాని మీద ఇంకో పదిహేను శాతం తీసేస్తాను, ఎందుకంటే విప్పాక ఇంకేదో బయటపడుతుంది. వచ్చిన అంకె కాగితం మీద రాసి జేబులో పెట్టుకుంటాను. బండి వాసన తగలకముందే రాయాలి. తగిలాక చెయ్యి వణుకుతుంది.

విలువ పెంచేది ఏమిటన్నది కొత్తవాళ్లకి తలకిందులుగా అనిపిస్తుంది. గీతలు పడిన ఒరిజినల్ రంగుకి కొత్త రంగు కంటే ఎక్కువిస్తారు. 916కి టెర్మిన్యోని సైలెన్సర్లు వేసి ఉంటే అందరూ మెచ్చుకుంటారు, కానీ ధర పెంచేది గరాజు మూలలో పెట్టెలో ఉన్న ఫ్యాక్టరీ సైలెన్సర్లే. పాత లె మాన్ సీటు నురుగుతో పోతపోసినది, త్వరగా పగిలేది. చీలకుండా మిగిలిన ఒరిజినల్ సీటు ఇప్పుడు అపురూపం. ప్రత్యేక ఎడిషన్లు, ఉదాహరణకు రేసుల కోసం చేసిన 916 ఎస్‌పిఎస్, బూడిద రంగు ఒంటికి ఎర్ర చక్రాలతో కార్ రేసర్ ఐర్టన్ సెన్నా పేరున చేసినవి, మామూలు 916 కంటే చాలా పైనుంటాయి. అందుకే నకిలీల బెడదా వాటికే ఎక్కువ. పెట్టుబడి అనుకుని కొనాలనిపిస్తే ఒక్కటే చెప్తాను: సర్వీసు, ఇన్సూరెన్సు, గరాజు అద్దె కలిపి లెక్కేస్తే నా బండ్లలో లాభం చూపించింది ఒక్కటే, అదీ నేను నడపడానికి భయపడి అమ్మేసింది.

ఇంటికి తెచ్చాక

మొదటి నెల ఎవరేం చెప్పినా నమ్మకుండా నూనె, బ్రేకు నూనె, ఫిల్టర్లు మార్చేయండి. బెల్టుల బిల్లు లేకపోతే బండి ట్రక్కు మీదే ఇంటికి రావాలి. 2021 సెప్టెంబర్ నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలు ఇ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిసినది) అయింది, ఆ ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని, ఫైబర్ ట్యాంకుల్ని తినేస్తుంది. సూపర్ గ్రేడు ఇ5 పోయించుకోండి.

తయారై 40 ఏళ్లు దాటిన బండిని హిస్టారిక్ కేటగిరీలోకి మార్పించుకుంటే రోడ్డు ట్యాక్స్ లేదు. పెద్ద మార్పులు చేయకపోతే ఎంఓటీ కూడా అక్కర్లేదు, లండన్ యూలెజ్‌లో పొగ ఎక్కువ వదిలే బండ్లకి వేసే రుసుము కూడా ఉండదు. 1976 లె మాన్‌కి ఇవన్నీ వర్తిస్తాయి. 1994 నాటి 916కి 2030ల దాకా వర్తించవు, అప్పటిదాకా లండన్‌లోకి తీసుకెళ్తే రోజుకి 12.50 పౌండ్లు. ఇన్సూరెన్సు "అగ్రీడ్ వాల్యూ" మీద తీసుకోండి, ఫొటోలూ ఫైలూ పంపి అంకె ముందే రాయించుకోండి. లేకపోతే దొంగతనం జరిగాక "పాత బైకు కదా" అని వాళ్లు కట్టే విలువ చూసి ఏడవాలి.

నడపడం

లె మాన్ ఆగి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ తిప్పితే ఒళ్లంతా కుడివైపు ఒరుగుతుంది. క్రాంక్ పొడవునా ఉండడం వల్ల అది. మొదటిరోజు గుండె ఝల్లుమంటుంది, మూడోరోజు గమనించరు. బ్రేకులు వేరే పాఠం: కాలి పెడల్ నొక్కితే వెనక డిస్కు, ముందు ఒక డిస్కు కలిసి పడతాయి, చేతి లివర్ రెండో ముందు డిస్కుకే. మన బుల్లెట్, ఆర్ఎక్స్ 100 అలవాటుతో చెయ్యి మీదే ఆధారపడితే బండి ఆగదు. ఖాళీ రోడ్డు మీద పదిసార్లు కాలితో ఆపి చూసుకున్నాకే ట్రాఫిక్‌లోకి వెళ్లండి. గేర్లు తొందరపడకుండా, కాలు చివరిదాకా నొక్కి వేయాలి.

916కి సిటీ అంటే పడదు. మొదటి గేరు చాలా పొడవు, 3,000 ఆర్‌పీఎం కింద గొణుగుతుంది, మణికట్లు పీకుతాయి, సీటు కింద సైలెన్సర్లు తొడలు కాలుస్తాయి, అద్దాల్లో మీ మోచేతులు మాత్రమే కనపడతాయి. హ్యాండిల్ అంతగా తిరగదు కాబట్టి సందులో యూటర్న్ కొట్టాలని చూడకండి. సైడ్ స్టాండు మీద బరువు తీయగానే దానంతటదే పైకి లేస్తుంది. ఎన్ని ఫెయిరింగులు పగిలాయో దానివల్ల. స్టార్ట్ చేశాక నూనె వేడెక్కేదాకా 4,000 దాటించకండి. ఊరు దాటి, మలుపుల రోడ్డు తగిలి, సూది ఆరువేలు దాటాక తంబురిని ఏం గీశాడో అర్థమవుతుంది.

వీలు చూసుకుని ఒకసారి బొలోన్యా నుంచి ఫ్లోరెన్స్ వైపు పాత ఎస్ఎస్65 రోడ్డు ఎక్కండి. రాటికోసా కనుమ 968 మీటర్లు, ఫుటా 903. డుకాటీ ఫ్యాక్టరీ ఉన్న ఊరి కొండలే ఇవి. ఆదివారం పొద్దున రాటికోసా పైన బండ్లు ఆపుకుని కాఫీ తాగేవాళ్లలో తాతలే ఎక్కువ, బండ్లూ వాళ్ల వయసువే, ఏదీ గాజు పెట్టెలోంచి వచ్చినట్టు ఉండదు. సెప్టెంబర్‌లో వెళ్తే ఇమోలా ట్రాక్ మీద జరిగే పాత విడిభాగాల సంత చూసుకుని రావచ్చు. నా లె మాన్ వెనక లైటు అక్కడే దొరికింది.

నవంబర్ నుంచి మార్చి దాకా ఇక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అల్యూమినియం తెల్లగా పొడి పొడి అవుతుంది. అప్పుడు బండి లోపలే ఉండాలి. నూనె మార్చి, ఇనుప ట్యాంకైతే నిండా పెట్రోలు పోసి, కార్బురేటర్లు ఖాళీ చేసి, బ్యాటరీకి చిన్న ఛార్జర్ తగిలించి దుప్పటి కప్పండి. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మంచిదనుకుంటారు. వద్దు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపల తడి చేరుతుంది.

రిటైరయ్యాక ఇండియాకి పట్టుకెళ్లాలనుకునే వాళ్లకి ఒక మాట. 2021 నిబంధనల ప్రకారం అక్కడ 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేస్తారు. ఫీజు 20,000 రూపాయలు, నంబర్‌లో "వీఏ" అక్షరాలు ఉంటాయి, రోజువారీ తిరగడానికి మాత్రం కుదరదు. అది రిజిస్ట్రేషన్ సంగతి మాత్రమే. దిగుమతి అనుమతి, సుంకం వేరే లెక్క, ఓడ ఎక్కించకముందే కస్టమ్స్ ఏజెంటుతో రాతపూర్వకంగా తేల్చుకోండి.

అమ్మాల్సి వస్తే, వసంతం మొదట్లో అమ్మండి, ఎండ పడగానే కొనేవాళ్లు లేస్తారు. విప్పిన ప్రతి పాత భాగం, ప్రతి బిల్లు ఫైలులో పెట్టి ఇవ్వండి. కొనడానికి వచ్చినవాడు ముందుగా ఇంజిన్ మీద చెయ్యి పెడితే టీ కూడా ఇవ్వండి.